మేస్త్రి చెవి, చాసిస్ నంబరు

పాత కారు కొనేవాడు తేల్చుకోవాల్సిన ప్రశ్నలు రెండు. ఈ బండికి ఇప్పటిదాకా ఏమైంది? అదే ఫ్యాక్టరీలో, అదే నెలల్లో దీనితోపాటు తయారైన బండ్లకి ఏమవుతోంది? మొదటి ప్రశ్న అడగడంలో మన పల్నాడువాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. రెండోది అడగాలని మాత్రం మనకి తోచదు. అమెరికాలో దాదాపు దీనికి తిరగేసి జరుగుతుంది. ఈ రెండు అలవాట్లనీ పక్కపక్కన పెట్టి చూడ్డానికి అమరావతి మంచి చోటు. రాజధాని అమరావతి కాదు, అమరేశ్వరుడి గుడీ ధ్యానబుద్ధుడూ ఉన్న పాత ఊరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల్ని విడదీసినప్పుడు రాజధాని గ్రామాలు గుంటూరు జిల్లాలో ఉండిపోయాయి, ఈ ఊరు పల్నాడులోకి వచ్చింది. ఇక్కడివాళ్ళు కారు కొనాలంటే సత్తెనపల్లో నరసరావుపేటో గుంటూరో వెళ్తారు. కాస్త నిక్కచ్చిగా చూసుకోవాలనుకుంటే విజయవాడ ఆటోనగర్ దాకా పోతారు. కొడుకో కూతురో టెక్సాస్‌లో ఉన్న ఇళ్ళూ ఈ చుట్టుపక్కల తక్కువేం కాదు. కాబట్టి ఒకే ఇంట్లో తండ్రి ఒక పద్ధతిలో బండి కొంటాడు, కొడుకు ఇంకో పద్ధతిలో కొంటాడు.

తండ్రి పద్ధతి ముందు చూద్దాం. ఇందులో కేంద్రం మేస్త్రి. బ్రోకరు "డాక్టరుగారి బండండీ, సింగిల్ హ్యాండ్, వర్షంలో కూడా తియ్యలేదు" అంటుంటే మేస్త్రి అది వినడు. బోనెట్ ఎత్తి, యాప్రాన్ మీద కంపెనీ వేసిన స్పాట్ వెల్డింగు చుక్కలు వరసగా ఉన్నాయా, మధ్యలో టింకరింగ్ చేసిన గ్యాస్ వెల్డింగు గీత కనిపిస్తోందా చూస్తాడు. ఫెండరు బోల్టుల తలల మీద పెయింటు చెదిరిందంటే ఆ బోల్టు మీద ఎప్పుడో పానా పడిందన్నమాట. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి పొగ ఎంత కొడుతోందో చూస్తాడు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయమంటాడు, వేడెక్కించి తెచ్చిన బండి అంటే అతనికి అనుమానం. మీటరు రీడింగుని అసలు లెక్కలోకి తీసుకోడు. క్లచ్ పెడల్ రబ్బరూ స్టీరింగ్ అరుగుదలా చూసి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో తనే చెబుతాడు. ఇదంతా అనుభవంతో వచ్చిన విద్య. దీన్ని కాగితం మీదికి దించిన పుస్తకం నేనైతే చూడలేదు. ఒక పూట కూలీ, రెండు టీలతో ఇంత పరీక్ష దొరకడం నిజంగా అదృష్టమే. డాలస్‌లో ఇదే పని చేయించడానికి వందా రెండు వందల డాలర్లవుతుంది, అందుకే కొత్తగా వెళ్ళిన విద్యార్థులు చాలామంది దాన్ని ఎగ్గొడతారు.

అయితే మేస్త్రి చెవికి వినపడని జబ్బులు కొన్ని ఉన్నాయి. 2020 జులైలో మారుతి సుజుకి 1.34 లక్షల వ్యాగన్ఆర్, బెలెనో కార్లని వెనక్కి పిలిచింది, ఇంధన పంపులో లోపం ఉండవచ్చని. వ్యాగన్ఆర్‌లో అయితే 2018 నవంబరు 15 నుంచి 2019 అక్టోబరు 15 మధ్య తయారైన ఒక లీటరు ఇంజన్ బండ్లే. పంపు ఆగిపోయే రోజు వరకూ ఆ బండి శుభ్రంగా నడుస్తుంది. పొగ రాదు, చప్పుడు రాదు. ఆటోనగర్‌లో ఎంత పేరున్న చెయ్యి అయినా ఇది పట్టుకోలేదు. కానీ తయారీ తేదీ చూసి చెప్పొచ్చు, చాసిస్ నంబరు చూసి ఖాయంగా చెప్పొచ్చు.

తకాటా ఎయిర్‌బ్యాగుల కథ ఇంకా దారుణం. ఎయిర్‌బ్యాగుని ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్లలో ఆ జపాన్ కంపెనీ అమ్మోనియం నైట్రేట్ వాడింది. ఏళ్ళ తరబడి వేడి, గాలిలో తేమ తగిలితే ఆ మందు పాడై, పేలాల్సిన దానికన్నా గట్టిగా పేలుతుంది. లోహపు డబ్బా ముక్కలై మనిషి ముఖానికీ మెడకీ తగులుతుంది. అమెరికాలో 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లని రీకాల్ చేశారు, అందులోనూ ఫ్లోరిడా, టెక్సాస్‌లాంటి ఉక్క రాష్ట్రాలకి ముందు వరస ఇచ్చారు. మన దేశంలో 2016 జులైలో ఒక్క హోండానే ఈ కారణంగా 1.90 లక్షల కార్లని పిలిచింది, సిటీ, జాజ్, సివిక్, అకార్డ్ అన్నీ అందులో ఉన్నాయి. వేడి, తేమ, వయసు – ఈ మూడూ కలిస్తేనే ప్రమాదం అన్నారు. కృష్ణ ఒడ్డున మే నెల గడిపిన వాళ్ళకి మొదటి రెండిటి గురించి చెప్పక్కర్లేదు. మూడోది పాత కారు కొనడంలోనే ఉంది. అంటే ఆ లోపం కొత్త బండి కొన్నవాడికన్నా మూడో చేతిలో కొన్నవాడికే ఎక్కువ ప్రమాదం. రీకాల్ కబురు మాత్రం మొదటి యజమాని ఫోనుకే వెళ్తుంది.

ఇక కొడుకు పద్ధతి. అతను బండి ముందుకి వెళ్ళకముందే అమ్మేవాణ్ణి పదిహేడు అక్షరాల వాహన గుర్తింపు సంఖ్య అడుగుతాడు. దాన్ని అమెరికా రహదారి భద్రతా సంస్థ నేషనల్ హైవే ట్రాఫిక్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ పేజీలో కొడితే, ఆ ఒక్క బండికి ఇంకా చేయించని రీకాల్ ఉందో లేదో ఉచితంగా తెలుస్తుంది. ఆ సౌకర్యం వాళ్ళకీ ఊరికే రాలేదు. రీకాల్ చట్టం 1966 నుంచీ ఉంది. నంబరు కొట్టి చూసుకునే ఏర్పాటు మాత్రం 2014 ఆగస్టులోనే వచ్చింది. ఆ ఏడాదే జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ గొడవ బయటపడింది. నడుస్తున్న బండిలో తాళం దానంతటదే తిరిగి ఇంజన్ ఆగిపోవడం, ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకపోవడం. 124 మరణాలకి ఆ స్విచ్చే కారణమని కంపెనీ పెట్టిన పరిహార నిధే ఒప్పుకుంది. కంపెనీలోపల ఆ సంగతి పదేళ్ళకి పైగా కొందరికి తెలుసు.

అదే కంపెనీ అంతకు ఏడాది ముందు, 2013లో, మన దేశంలో 1.14 లక్షల షెవ్రొలే టవేరాలని వెనక్కి పిలిచింది. ఈసారి కారణం పొగ పరీక్షల్లో చేసిన మోసం, కొందరు ఉద్యోగుల్ని తీసేశారు కూడా. పెళ్ళిళ్ళకీ తిరుపతి ప్రయాణాలకీ టవేరాలు మన రోడ్ల మీద ఎన్ని తిరిగాయో అందరం చూశాం. 2017 చివరికల్లా జనరల్ మోటార్స్ మన దేశంలో అమ్మకాలే మానేసింది. అమెరికాలో కుంభకోణం తర్వాత ఒక వ్యవస్థ మిగిలింది. ఇక్కడ ఒక వార్త మిగిలింది. ఈ పోలికలో నాకు అన్నిటికన్నా కొట్టొచ్చినట్టు కనిపించేది ఇదే.

అలాగని మనకి చట్టం లేదనుకుంటే తప్పు. 2012లో వాహన తయారీదారుల సంఘం సియామ్ స్వచ్ఛంద రీకాల్ నియమావళి తెచ్చింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 110ఎ సెక్షను పెట్టి, లోపమున్న బండ్లని వెనక్కి పిలవమని కేంద్రం ఆదేశించే అధికారం ఇచ్చింది. ఆ నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి, జరిమానా కోటి రూపాయల దాకా ఉంది. కాగితం మీద బలమైనదే. కానీ ఆ నిబంధనలు ఏడేళ్ళలోపు బండ్లకే. అమెరికాలో తయారీదారు ఉచితంగా బాగుచేయాల్సిన గడువు పదిహేనేళ్ళు. నరసరావుపేటలో మూడు లక్షలకి దొరికే కారు వయసెంత ఉంటుందో లెక్కేస్తే మన చట్టం ఎవరికోసం రాశారో అర్థమవుతుంది. కంపెనీ తనంతట తాను పిలిస్తే అది వేరే సంగతి, అప్పుడు వయసుతో పని లేకుండా చేసిపెడుతున్నారు. బలవంతపెట్టే హక్కు మాత్రం ఏడేళ్ళతో ఆగిపోతుంది.

బ్రిటన్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. అక్కడ మూడేళ్ళు దాటిన ప్రతి కారుకీ ఏటా పరీక్ష తప్పనిసరి. నంబరు ప్లేటు కొడితే చాలు, ప్రతి పరీక్షలో రీడింగు ఎంత, ఎందుకు ఫెయిలైంది, రీకాల్ ఏదైనా మిగిలిందా అన్నీ ఎవరికైనా కనిపిస్తాయి. మీటరు వెనక్కి తిప్పేవాడికి అక్కడ చాలా కష్టం. టెక్సాస్ ఈ విషయంలో వెనక్కే నడిచింది, 2025 జనవరి నుంచి సొంత కార్లకి ఏటా జరిగే భద్రతా తనిఖీనే ఎత్తేసింది.

అమెరికా పద్ధతికి ఉన్న పెద్ద కన్నం వేరే. రీకాల్ పెండింగులో ఉన్న కొత్త కారుని డీలరు అమ్మకూడదు. పాత కారుని మాత్రం అమ్మొచ్చు, ఆపే ఫెడరల్ చట్టం లేదు. అద్దె కార్ల పెద్ద కంపెనీలకి నిషేధం పెట్టారు, పాత కార్ల డీలర్లని వదిలేశారు. పైగా అక్కడ కొనేవాళ్ళు డబ్బులిచ్చి తెప్పించుకునే వాహన చరిత్ర నివేదికని వేదంలా చూస్తారు. ఇన్సూరెన్సుకి చెప్పకుండా పక్క గ్యారేజీలో బాగుచేయించిన యాక్సిడెంటు అందులో ఉండదు. అక్కడే మన మేస్త్రి బోల్టు తలలు చూసి గెలుస్తాడు.

వరద బండ్ల దగ్గర ఈ రెండు పద్ధతులూ ఎదురెదురుగా నిలబడతాయి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది, మర్నాడు ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకి పైగా వరద వచ్చింది. నిలబెట్టిన చోటే రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయిన కార్లని టీవీలో అందరం చూశాం. అలాంటి బండిని ఇన్సూరెన్సు కంపెనీ టోటల్ లాస్‌గా తేల్చి డబ్బు ఇచ్చేశాక, దాన్ని వేలంలో ఎవరో కొంటారు, కడుగుతారు, సీట్లు మారుస్తారు. అమెరికాలో అయితే యాజమాన్య పత్రం మీదే వరద బండి అనో తుక్కు బండి అనో ముద్ర పడాలి. ఆ ముద్ర పోగొట్టడానికి బండిని ఇంకో రాష్ట్రానికి తోలి కొత్త పత్రం పుట్టించే దొంగలూ అక్కడ ఉన్నారు. మన దగ్గర ఆ ముద్రే లేదు. పూర్తిగా పనికిరాకుండా పోయిన బండి సంగతి పద్నాలుగు రోజుల్లో రవాణా శాఖకి చెప్పాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను అంటుంది. కానీ "పనికిరాకుండా" అన్న మాటకి అమ్మేవాడి అర్థం వేరు. బాగుచేసి స్టార్ట్ చేశాక పనికొచ్చినట్టే కదా!

ఇక్కడ ఇంకో ముడి కూడా ఉంది. 2021 సెప్టెంబరులో మారుతి 1.81 లక్షల సియాజ్, ఎర్టిగా, బ్రెజా, ఎస్-క్రాస్, ఎక్స్ఎల్6 పెట్రోలు బండ్లని మోటార్ జనరేటర్ యూనిట్ కోసం పిలిచింది. అది మార్చేదాకా నీళ్ళు నిలిచిన రోడ్ల మీద నడపొద్దనీ, ఎలక్ట్రికల్ భాగాల మీద నీళ్ళు కొట్టొద్దనీ యజమానులకి చెప్పింది. అప్పుడు ఆ పని చేయించుకోని ఎర్టిగా 2024లో సింగ్‌నగర్‌లో ఉంటే, ఆ తర్వాత పల్నాడులో అమ్మకానికి వస్తే? మేస్త్రి సీటుబెల్టు చివరంటా లాగి బురద గీత చూసి వరదని పట్టుకోగలడు. రీకాల్‌ని పట్టుకోలేడు. చాసిస్ నంబరు రీకాల్‌ని చెబుతుంది, వరదని చెప్పదు. 2019 ముందు నంబరు ప్లేటు మీద ఏపీ 16 అని ఉంటే కృష్ణా జిల్లా బండి అని దూరం నుంచే తెలిసేది, ఏపీ 07 అంటే గుంటూరు. రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక ఆ చిన్న ఆధారమూ పోయింది.

భద్రత గురించి ఒక మాట. డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జులై 1 నుంచి తప్పనిసరి అయింది, పక్క సీటుది అన్ని మోడళ్ళకీ 2022 జనవరి 1 నుంచి. అదే పేరు, అదే రంగు ఉన్న రెండు కార్ల మధ్య తేడా తయారీ నెలలో ఉండొచ్చు. తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే దాన్ని ఎవరో పీకేశారని అనుమానించాలి.

మన్నిక మాత్రం వేరే సంగతి. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ ఏటా లక్షల యజమానుల్ని అడిగి లెక్క తీస్తుంది. ఇక్కడ ఆ లెక్క రీసేల్ ధరలో, స్పేరు పార్టు దొరికే వేగంలో ఉంటుంది. ఆటోనగర్‌లో ఏ ఇంజన్లు ఎక్కువగా విప్పుతున్నారో మేస్త్రులకి తెలుసు. ఆ జ్ఞానాన్ని నేను తక్కువ చెయ్యను.

రవాణా శాఖ వాహన్ వెబ్‌సైట్‌లో బండి నంబరు కొడితే ఇన్సూరెన్సు, పొల్యూషన్, ఫైనాన్సు వివరాలు ఇప్పుడు కనిపిస్తున్నాయి. రీకాల్ గడి ఒకటి అక్కడే ఉంటే ఆర్‌సీ మార్పిడి రోజునే అందరికీ తెలిసేది. కంపెనీల దగ్గర జాబితా ఉంది, రవాణా శాఖ దగ్గర ప్రస్తుత యజమాని చిరునామా ఉంది, రెండూ కలవవు. అమెరికాలో తయారీదారులు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ రికార్డుల నుంచి చిరునామా తీసుకునే ఉత్తరాలు వేస్తారు. మన దగ్గర పేరు మార్పిడిని ఏళ్ళ తరబడి వాయిదా వేసే అలవాటు దీన్ని ఇంకా చెడగొడుతోంది. ఆర్‌సీ ఎవరి పేరున ఉంటే ప్రమాద పరిహారం బాధ్యతా వాళ్ళదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పినా అమ్మేవాళ్ళు ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టేసి నిశ్చింతగా ఉంటున్నారు.

అంతవరకూ చేయగలిగింది చిన్నదే. ఆర్‌సీ మీద చాసిస్ నంబరు ఉంటుంది. మారుతి బండి అయితే ఎంఏ3 తర్వాత వచ్చే పద్నాలుగు అక్షరాలని వాళ్ళ వెబ్‌సైట్‌లో కొట్టొచ్చు, మిగతా కంపెనీలకి షోరూం సర్వీసు కౌంటరులో అడగొచ్చు. వాళ్ళు రీకాల్‌ని "క్యాంపెయిన్" అంటారు. పెండింగ్ క్యాంపెయిన్ ఏమైనా ఉందా అని అడుగుతూ, పాత సర్వీసుల్లో రాసిన రీడింగులు కూడా అడిగితే మీటరు సంగతీ తేలిపోతుంది. పెండింగ్ ఉందని తేలితే ధర తగ్గించమని బేరమాడక్కర్లేదు. అమ్మేవాణ్ణే షోరూంకి తీసుకెళ్ళి ఆ భాగం మార్పించి తెమ్మంటే చాలు, ఖర్చు కంపెనీదే, పోయేది ఒక పూట. దానికి కూడా ససేమిరా అనేవాడు ఇంకేదో దాస్తున్నాడని నా అనుమానం. అప్పుడు మేస్త్రిని మళ్ళీ ఒకసారి బండి కిందికి దూరమనాలి.