రిజిస్టర్‌లో పేరు

మందుల షాపు గోడకు వేలాడే ఫార్మసిస్టు సర్టిఫికెట్‌ను కొనేవాళ్లు తలెత్తి చూడరు. కౌంటర్ వెనక నిలబడే మాకు మాత్రం అదే బతుకుతెరువు. నాతో చదువుకున్న ఒకామె పేరు ఫార్మసీ కౌన్సిల్ రిజిస్టర్‌లోంచి తీసేశారు. తప్పు మందు ఇచ్చినందుకు కాదు, రెన్యువల్ ఫీజు కట్టనందుకు.

పిల్లలు, అత్తగారి పక్షవాతం, ఊళ్లు మారడం. వీటి మధ్య ఉద్యోగం మానేసి, చాన్నాళ్లకు మళ్లీ ఒక షాపులో చేరబోతే అప్పుడు బయటపడింది సంగతి. 1948 ఫార్మసీ చట్టం 34వ సెక్షన్ ప్రకారం గడువులోగా ఫీజు అందకపోతే రిజిస్ట్రార్ పేరు తొలగించాలి. షరతుల మీద మళ్లీ చేర్చుకోవచ్చు. అదే చట్టం 36వ సెక్షన్ కింద దుష్ప్రవర్తనకు పేరు తీయాలంటే ముందు ఆ మనిషి వాదన వినాలి. ఫీజు బాకీ పడ్డవాళ్లకు చట్టంలో ఆ పాటి అవకాశం కూడా రాసిపెట్టలేదు. నాకు మింగుడుపడనిది ఇదే.

పేరు తిరిగొచ్చేదాకా ఆమె మందుల చీటీ ముట్టుకోలేదు. బిల్లులు కొట్టింది, అరలు సర్దింది. పాత బాకీ కట్టింది, దరఖాస్తు పెట్టుకుంది, రిఫ్రెషర్ క్లాసులకు వెళ్లింది. ఈ క్లాసుల షరతును మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఆమె పని మానేసేనాటికి హెచ్1 షెడ్యూలు లేదు. దాని కింద 2014 నుంచి కొన్ని యాంటీబయాటిక్స్‌కు, టీబీ మందులకు డాక్టరు పేరు, రోగి పేరు విడిగా రాసిపెట్టాలి. అలాంటివి తెలుసుకోకుండా కౌంటర్‌లోకి రాకూడదు.

ఆమె మళ్లీ చేరాక ఒకరోజు ఆ షాపుకెళ్లాను. ఒక పెద్దాయన కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ చీటీ తెచ్చాడు. ఆ జబ్బుకు అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. “బాబాయ్, నీకు ఏ వారం బాగా గుర్తుంటుంది?” అనడిగింది. “శనివారమమ్మా, వెంకన్న వారం” అన్నాడాయన. కవరు మీద పెద్దక్షరాలతో ‘శనివారం మాత్రమే’ అని రాసి, ఆయన చేతే చదివించింది. ఫోలిక్ యాసిడ్‌ను వేరే కవర్లో పెట్టింది. వెనక ముగ్గురు విసుక్కుంటున్నా తొందరపడలేదు.

ఇంకోపక్క, ఫీజు ఏనాడూ బాకీ పడని సర్టిఫికెట్లు అద్దెకు వేలాడుతున్నాయి. అందులో పేరున్న మనిషి నెల నెలా డబ్బు తీసుకుంటాడు, షాపు గడప తొక్కడు. మందులిచ్చేది ఏ చదువూ లేని కుర్రాడు. రిజిస్టర్ లెక్కలో ఆ అద్దె మనిషి సక్రమంగానే ఉన్నాడు.

ఫీజు వద్దనను. కౌన్సిల్ నడవాలి, చనిపోయినవాళ్ల పేర్లు, వృత్తి వదిలేసినవాళ్ల పేర్లు ఏరెయ్యాలి. కానీ మందుల షాపుల లైసెన్సు నిబంధనలను 2017లో సవరించాక షాపు లైసెన్సు ఫీజు అయిదేళ్లకోసారి కడితే చాలు. గడువు దాటితే నెలకు 2 శాతం అదనంగా కట్టుకుంటూ ఆరు నెలల దాకా నిలబెట్టుకోవచ్చు. షాపుకిచ్చిన ఆ ఆరు నెలలు ఫార్మసిస్టుకూ ఇవ్వాలి. పేరు తీసే ముందు ఫోనుకు ఒక మెసేజ్ పంపాలి. తనిఖీకి వచ్చిన అధికారి సర్టిఫికెట్ తేదీ చూసి వెళ్లిపోకుండా, అందులో పేరున్న మనిషిని పిలిపించి మాట్లాడాలి.