వారసుడు కాని మేనల్లుడు: ధర్మవరం – బళ్ళారి రాఘవల గురుశిష్య సంబంధం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలుమార్గంలోని ఊళ్ళు. మన ప్రదర్శన కళల్లో పెద్దలు పిన్నలకు విద్య నేర్పిన తీరును పరిశీలించేవారికి ఈ మార్గంలో మంచి ఆధారాలు దొరుకుతాయి. హిందూపురానికి చేరువలోని లేపాక్షిలో, అచ్యుతదేవరాయల కాలం నాటి వీరభద్రాలయపు నాట్యమండపంలో రంభ నర్తిస్తూ ఉంటుంది. బ్రహ్మ మద్దెల వాయిస్తుంటాడు, తుంబురుడూ నందీ తోడుగా ఉంటారు. వారి నడుమ మూడు కాళ్ళ భృంగి నాట్యాచార్యుడు. ఈ ఆచార్యుడికి వేరే పీఠం లేదు. వాద్యకారుల వరుసలో, ఒక స్తంభం మీద, ఆటలోనే ఉన్నాడు. నేర్పేవాడు తానూ ఆడుతూ నేర్పే ఈ పద్ధతి ఆధునిక తెలుగు రంగస్థలంపై ఎలా సాగింది, అందులోనుంచి వచ్చిన శిష్యుడు గురువుకు ఎంతవరకు కట్టుబడ్డాడు అన్నదే ఈ వ్యాసం విచారించే అంశం.

ధర్మవరంలో 1853లో జన్మించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్ళారిలో న్యాయవాదిగా స్థిరపడి, సరసవినోదినీ సభను స్థాపించి, నాటకాలు రచించి, వాటిలో తామే నటించారు. 1887లో ‘చిత్రనళీయం’ ప్రదర్శితమైంది. ఆంధ్ర నాటక పితామహులుగా ఆయనకు పేరు. ఆయన సోదరి కుమారుడు తాడిపత్రి రాఘవాచార్యులు, అంటే బళ్ళారి రాఘవ (1880–1946). మేనమామ సాహచర్యంలోనే రాఘవకు రంగస్థలం పరిచయమైంది. ఇంతవరకు అందరికీ తెలిసినదే. ఇక్కడినుంచి మన సాహిత్య చరిత్రకారులు సాధారణంగా ఒక మాటతో ముగిస్తారు: రాఘవ మేనమామకు తగిన వారసుడు. ఈ ‘వారసుడు’ అన్న మాటతోనే నాకు పేచీ.

ఎందుకంటే, తెలుగు నాటకంలో పాటకు విశేషస్థానం కల్పించినవారు ధర్మవరం. ఆయన నాటకాల్లో పద్యంతో పాటు పాట కూడా కథను నడిపిస్తుంది. రాఘవ ప్రసిద్ధి ఇందుకు పూర్తిగా ఎదురుగా ఉంది. పద్యాన్ని రాగాలాపనతో సాగదీయడం పాత్రను చంపుతుందని ఆయన అభిప్రాయం. మాట విరుపు, మౌనం, ముఖకవళిక ఆయన సాధనాలు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టారు. పి.వి. రాజమన్నార్ సాంఘిక నాటకం ‘తప్పెవరిది’ని ప్రదర్శించారు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది. అదే బళ్ళారిలో, అదే న్యాయవాద వృత్తిలో ఉన్న కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభను నడిపారు. నాటక రంగంలో ఆయన ధర్మవరానికి ప్రతిస్పర్ధి. ఆయన రచించిన ‘రామరాజు చరిత్ర’లో పఠాన్ రుస్తుం పాత్ర రాఘవకు గొప్ప పేరు తెచ్చింది. 1565 యుద్ధంలో విజయనగరం పతనమయ్యాకే రాజధాని పెనుకొండకు మారింది. ఆ పతన కథను మేనల్లుడు ప్రతిస్పర్ధి రచనలో ఆడి మెప్పించాడు. వారసత్వమంటే ఇదేనా?

ఇటువంటి సందర్భం వేరే దేశపు సంగీత చరిత్రలోనూ ఉంది. జాజ్ వాద్యకారుడు జో ‘కింగ్’ ఆలివర్ 1922లో యువకుడైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను షికాగోకు పిలిపించి, తన బృందంలో రెండవ కార్నెట్ వాయించే స్థానం ఇచ్చాడు. పాఠం వేరేగా లేదు. గురువు పక్కన నిలబడి, గురువు స్వరానికి లోబడి వాయించడమే పాఠం. రెండేళ్ళకు, 1924లో, ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ బృందాన్ని విడిచి న్యూయార్కులో ఫ్లెచర్ హెండర్సన్ బృందంలో చేరాడు. పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. ఆర్మ్‌స్ట్రాంగ్‌కు వాద్యమే జీవనాధారం. ధర్మవరం, కోలాచలం, రాఘవ ముగ్గురూ న్యాయవాదులు. నాటకం వారికి కూడు పెట్టలేదు. గురువును కాదన్నందుకు రాఘవకు భత్యం పోయే భయం లేదు. బళ్ళారి ఔత్సాహిక సమాజాలు శిష్యుడికి ఇచ్చిన ఈ స్వేచ్ఛను మన నాటక విమర్శ తగినంతగా గుర్తించలేదని నా అభిప్రాయం.

అయితే నిరాకరణను కూడా రాఘవ ఎక్కడో నేర్చుకుని ఉండాలి. ‘విషాద సారంగధర’ను తెలుగులో తొలి విషాదాంత నాటకంగా చెబుతారు. మంగళాంతమే కావాలన్న సంస్కృత నాటక సంప్రదాయాన్ని ధర్మవరం అందులో తోసిపుచ్చారు. పూర్వుల నియమాన్ని పక్కనపెట్టవచ్చునని మేనల్లుడికి ఆచరణలో చూపినవారు మేనమామే. పాటను మేనల్లుడు వదిలాడు, ఆ తెగువను వదలలేదు. దీనికి పత్రరూపంలో సాక్ష్యం చూపలేను. ఇది రెండు జీవితాలను పక్కపక్కన పెట్టినప్పుడు కలిగే అనుమితి మాత్రమే.

ఆధారాల విషయంలో మరొక చిక్కు ఉంది. 1912లో మరణించిన ధర్మవరం మనకు ప్రధానంగా అచ్చు పుస్తకంగా మిగిలారు. రాఘవ స్వరంగా మిగిలారు: గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ (1939)లో నర్సిరెడ్డి పాత్ర నేటికీ చూడవచ్చు. గురువు రాతను, శిష్యుడి నటనను తూచి ‘ఆయన కృతకం, ఈయన సహజం’ అని తీర్పు చెప్పే పరిశోధకులు, ఒక పళ్ళెంలో కాగితాన్నీ మరొక పళ్ళెంలో కంఠాన్నీ పెడుతున్నామని మరవరాదు. ధర్మవరం పాట రంగస్థలంపై ఎలా పలికిందో కాగితం చెప్పదు.

పెనుకొండ ఉదాహరణ ఇంకొక రకానిది. పుట్టపర్తి నారాయణాచార్యులు బాల్యంలో అక్కడే సంగీతం, నాట్యం అభ్యసించారు. పిట్ దొరసాని వద్ద ఆంగ్ల సాహిత్యం చదివారు. నాట్యం నేర్పినవారు ఒక నర్తకుణ్ణి ఆశించి ఉంటారు. ఆ అడుగులు చివరకు ‘శివతాండవం’ గతుల్లో కవిత్వమై తేలాయి. ఆ కావ్యపు నడకను కేవలం ఛందస్సుతో వివరించబోయే వ్యాసాలు సగంలోనే ఆగిపోవడానికి కారణం ఇదే. ఇక్కడ శిష్యుడు గురువును కాదనలేదు, వేరే కళలోకి నడిచిపోయాడు.

మన సిద్ధాంత గ్రంథాల కృతజ్ఞతల పుటల్లో గురువుతో విభేదించిన శిష్యుడు ఎక్కడా కనిపించడు. నా సిద్ధాంత గ్రంథంలోనూ కనిపించడు. బహుశా అందుకే ప్రభావాన్ని వంశవృక్షంలా గీయడం మనకు అలవాటైంది. ధర్మవరం–రాఘవల విషయంలో ఆ వృక్షం నిలవదు, దాని తర్వాతి కొమ్మ విషయంలో అసలే నిలవదు. రాఘవ వద్ద శిక్షణ పొందినవారిలో బందా కనకలింగేశ్వరరావు ఒకరు. ఆయనకు విశేష కీర్తి తెచ్చిన పాత్ర బాహుకుడు. బాహుకుడంటే మారువేషంలోని నలుడే. 1887లో ధర్మవరం ‘చిత్రనళీయం’గా రంగస్థలానికి తెచ్చిన కథలోని వాడే. మేనల్లుడు దూరం పెట్టిన పద్యనాటకంలోకి మేనల్లుడి శిష్యుడు తిరిగి వెళ్ళాడు.