డాక్టరమ్మ చేతికి ఏ కాగితం?

ఈ వారం ఈ కాలమ్‌కు చిర్రెత్తించింది ఒక్క పేజీ కాగితం. ఓ ఆసుపత్రి తన గైనకాలజిస్టులకు నెలాఖరున పంచేది. పేరు, కాన్పులు, సిజేరియన్లు, శాతం. శాతం పెరిగిన పేర్ల మీద ఎర్ర రంగు. జవాబు పత్రం చూపించకుండా మార్కులు మాత్రం క్లాసంతా వినేలా చదివినట్టుంది వ్యవహారం.

అలాగని లెక్కలే వద్దంటే ఎలా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ప్రైవేటులో అయితే 81.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తం మీద 21.5. ఇంత తేడా కనిపిస్తుంటే అడగకుండా ఎవరూరుకుంటారు? ఆసుపత్రులు తమ ఫలితాలను రిసెప్షన్ గోడకు అంటించాలన్నది ఈ కాలమ్ పాత పాట. పాఠకులకు కంఠతా వచ్చు. ఆ పాటకు మూలపురుషుడు ఎర్నెస్ట్ కాడ్మన్ అనీ తెలుసు. అయినా ఆయన కథ మళ్లీ చెప్పక తప్పదు.

బోస్టన్‌లో సర్జన్ ఆయన. మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఉండగా ప్రతి రోగికీ ఒక కార్డు పెట్టాడు: ఏ బాధతో వచ్చారు, ఏ జబ్బనుకున్నాం, ఏం చేశాం, ఏం వికటించింది, ఏడాది తర్వాత ఎలా ఉన్నారు. పదోన్నతులు సీనియారిటీని బట్టి కాదు, ఈ ఫలితాలను బట్టి ఇవ్వమన్నాడు. ఇవ్వలేదు. 1914లో రాజీనామా చేశాడు. మరుసటి ఏడాది జనవరిలో నిండు సభలో పెద్ద కార్టూన్ ఒకటి ఆవిష్కరించాడు. నగరంలోని సంపన్నులు ఇసుకలో తల దూర్చిన నిప్పుకోడి. అది పెట్టే బంగారు గుడ్లు డాక్టర్లకు. ఊరు ఊరంతా భగ్గుమంది. అంతకుముందే, 1911లో, సొంతంగా చిన్న ఆసుపత్రి తెరిచాడు. 1916 వరకు అక్కడి నుంచి ఇంటికెళ్లిన 337 మంది రోగుల విషయంలో 123 తప్పులు దొర్లాయని తానే అచ్చువేయించి పంచాడు. ఆయన పోరులోంచి మొలిచిన తనిఖీల సంగతి మరీ విడ్డూరం. అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ 692 పెద్ద ఆసుపత్రులను పరిశీలిస్తే ప్రమాణాలకు నిలిచినవి 89. 1919లో ఆ జాబితా పత్రికల చేతికి చిక్కకుండా న్యూయార్క్ హోటల్ కొలిమిలో తగలబెట్టేశారు.

ఇంతవరకు కథ గోడ వైపే మొగ్గుతుంది. కానీ ఆ కార్డుల్లో శాతం అన్న గడే లేదు. ఒక రోగి, ఒక తప్పు, దానికి కారణం: నైపుణ్యం చాల్లేదా, నిర్ణయం బెడిసిందా, పరికరాలు లేవా, జబ్బే లొంగనిదా, రోగే వద్దన్నారా. ఎర్ర రంగు కాగితంలో లేనిదల్లా ఇదే.

ప్రసూతి వార్డుకు ఇలాంటి పనిముట్టు ఉంది. ప్రసూతి వైద్యుడు మైకేల్ రాబ్సన్ 2001లో ప్రతిపాదించిన పది గ్రూపులు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటినే వాడమంది. తొలి కాన్పా, ముందు సిజేరియన్ అయిందా, బిడ్డ తలకిందుగా ఉందా, నొప్పులు వాటంతటవే వచ్చాయా అని చూసి ప్రతి తల్లినీ ఒక గ్రూపులో వేస్తారు. అప్పుడు బొమ్మ మారిపోతుంది. డెబ్బై శాతం డాక్టరమ్మ దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఐదో గ్రూపు, అంటే ఇదివరకే కోత పడ్డవాళ్లు కావచ్చు. నలభై శాతంతో ఎర్ర రంగు తప్పించుకున్నావిడ జాబితాలో రెండో గ్రూపు నిండిపోయి ఉండొచ్చు: తొలిచూలు, నొప్పులు మందులతో తెప్పించడమో, అవి రాకముందే కోతో. రేపటి ఐదో గ్రూపు తయారయ్యేది ఇక్కడే. ముహూర్తాల సిజేరియన్లు దాక్కునేదీ ఇక్కడే. కేసు షీట్‌లో కారణం ‘సీపీడీ’, అంటే బిడ్డ తల తల్లి కటిలో పట్టదని ఉంటుంది, నొప్పుల తీరు నమోదు చేయాల్సిన పార్టోగ్రాఫ్ తెల్లగా ఉంటుంది, థియేటర్ రిజిస్టర్‌లో టైము మాత్రం నిమిషాలతో సహా ఉంటుంది.

ఇవన్నీ పేర్లతో గోడెక్కితే? న్యూయార్క్ రాష్ట్రం 1990ల్లో బైపాస్ సర్జన్ల మరణాల లెక్కలు బయటపెట్టినప్పుడు మరణాలు తగ్గాయి. ప్రమాదకరమైన కేసులను సర్జన్లు వదిలించుకుంటున్నారన్న ఆరోపణా వచ్చింది. మన దగ్గర ఆ వదిలించుకునే దారి అర్ధరాత్రి అంబులెన్సులో పెద్దాసుపత్రికి పోతుంది.

కాబట్టి డాక్టరమ్మ పేరుతో ఉన్న పది వరుసల కాగితం ఆమె చేతికే ఇవ్వాలి. రెండో గ్రూపు కేసు షీట్లు జత చేసి, తలుపు వేసుకుని తోటి డాక్టర్లతో కలిసి చదవనివ్వాలి. గోడ మీదికి ఆసుపత్రి మొత్తం లెక్క చాలు, పేర్లొద్దు. కాడ్మన్ దీనికి ఒప్పుకునేవాడు కాదు. కానీ ఆయన అచ్చువేయించింది సొంత ఆసుపత్రి తప్పులను, పక్క డాక్టరువి కావు.