రాకాసిలోయా, శిథిలాలయమా?

పామిడి బట్టల అంగళ్లలో బేరాలు పల్చబడే మిట్టమధ్యాహ్నం నా ఈడువాళ్లు నలుగురు చేరితే, మాట వానల మీద మొదలైనా పాత చందమామ సీరియళ్ల దగ్గర తేలుతుంది. "శిథిలాలయాన్ని మించింది యాడుందప్పా? ఆ శిఖిముఖి, ఆ విక్రమకేసరి!" అంటాడొకడు. "పోప్పా, యక్షపర్వతం ముందర అదెంత?" అని ఇంకొకడు ఖడ్గవర్మనూ జీవదత్తుణ్ణీ బరిలోకి దించుతాడు. మెడలో టేపు వేసుకున్న దర్జీ కత్తెర పక్కనపెట్టి పాతాళదుర్గం తరఫున లేస్తాడు.

మా చిన్నప్పుడైతే రాసిందెవరన్నదీ తగాదాయే. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం వరసగా రాసుకుపోయినా సీరియల్ కింద పేరుండేది కాదు. కొడవటిగంటి కుటుంబరావే అని కొందరు ఒట్టేసేవాళ్లు. (చందమామ పెట్టినవాళ్లలో ఒకరైన నాగిరెడ్డి మా పెన్న దిగువన కడప జిల్లావాడని, సందర్భం లేకపోయినా, ఎవరో ఒకరు గుర్తుచేయాల్సిందే.)

దాసరి పనితనమంతా జంటలో ఉంది. ధూమకుడు సోమకుడు, కేశవుడు జయమల్లు, జయశీలుడు సిద్ధసాధకుడు: ఎక్కడ చూసినా ఇద్దరే. ఒంటరి వీరుడైతే వాడి భయాన్ని రచయిత వర్ణించాలి. ఇద్దరున్నారంటే ఒకడు అడుగుతాడు, రెండోవాడు బదులిస్తాడు. ఆ రెండు ముక్కల్లోనే అడవి చీకటి పడిపోతుంది. విశేషణాలు వెతికినా దొరకవు. వాక్యం చిన్నది, క్రియ చురుకైనది. గుహ ఎంత లోతు, రాక్షసుడెంత ఎత్తు అన్న బరువంతా 'చిత్ర' కుంచె మోసింది. చిత్ర అంటే టి.వి.రాఘవన్. ఆయన గీసిన రాక్షసుల ముఖాల్లో కోరల పక్కనే ఒక వెర్రి అమాయకత్వం ఉంటుంది. పిల్లవాడు జడుసుకుంటాడు, జడుసుకుని మళ్లీ అదే పేజీ తిప్పుతాడు. సరిగ్గా ఊపిరి బిగబట్టిన చోట "ఇంకా ఉంది" అని పడేది. ఆ నెల్లాళ్లూ మిగతా కథ మేమే అల్లుకునేవాళ్లం, అందుకే ఇప్పటికీ ఎవడి సీరియల్ వాడికి సొంతం.

నా ఓటు రాకాసిలోయకే. గండభేరుండపక్షి కోసం కాదు, బ్రహ్మదండి మాంత్రికుడి కోసం. దుర్మార్గుడే, కానీ భయపెడుతూనే నవ్విస్తాడు. వాడు లేని పేజీ చప్పగా ఉంటుంది. శిథిలాలయం వాళ్లు గొంతు పెంచేముందు అలాంటి మాంత్రికుణ్ణి ఒక్కణ్ణి చూపించమనండి.