ప్రమదావనం గోడ అవతల: మాలతీ చందూర్‌ను ఎట్లా చదవాలె?

మాలతీ చందూర్ విషయంలో తెలుగు విమర్శ రెండు దారులు పట్టింది. సాహిత్య విమర్శకులు ఆమెను వంటలూ సలహాలూ రాసే ఆవిడగా లెక్కగట్టి, అవార్డు వచ్చిన రోజున నాలుగు మంచిమాటలు చెప్పి ఊరుకున్నారు. దళిత విమర్శ, మేం చూసినంతలో, ఆమె తన పరిధిలోకి రాదని పక్కనపెట్టింది. మొదటిదాంట్లో ఉన్నది మగ అహంకారం. ఆడవాళ్లు చదివేది సాహిత్యం కాదనే పాత తీర్పు అది. రెండోదాంట్లో ఉన్నది న్యాయమైన కోపం. అయినా ఆ కోపం దగ్గరే ఆగిపోతే మనకొక నష్టం జరుగుతది. ఇంటిపని గురించి, ఆ పనిలో ఉన్న జ్ఞానం గురించి తెలుగులో అర్ధశతాబ్దంపాటు నడిచిన చర్చ మన చేతికి అందకుండా పోతది. ఇంటిపని చేసి బతికే కులాల పిల్లలం మనం. ఆ చర్చను వదులుకునే స్తోమత మనకు లేదని మా వాదన.

మొదట ఆమె బతుకు చూద్దాం. కృష్ణా జిల్లా నూజివీడులో పుట్టింది. ఏలూరులో చదువుకుంది. మేనమామ ఎన్.ఆర్. చందూర్‌ను పెళ్లాడి 1947లో మద్రాసు చేరింది. కాలేజీ డిగ్రీ లేదు. 1952లో ఆంధ్రప్రభ సచిత్ర వారపత్రిక మొదలైతే, అందులో 'ప్రమదావనం' శీర్షిక చేపట్టి నాలుగున్నర దశాబ్దాలకు పైగా నడిపింది. 'వంటలు పిండివంటలు' పుస్తకం దాదాపు ముప్పైసార్లు అచ్చయింది. 'చంపకం–చెదపురుగులు' మొదలుకొని ఇరవైకి పైగా నవలలు రాసింది. స్వాతి మాసపత్రికలో 'పాత కెరటాలు' పేరుతో ఇంగ్లిషు నవలల్ని వందల సంఖ్యలో తెలుగు పాఠకులకు పరిచయం చేసింది. స్వాతంత్ర్యోద్యమం నేపథ్యంగా రాసిన 'హృదయనేత్రి'కి 1992లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. 2013 ఆగస్టు 21న చెన్నైలో కన్నుమూసింది.

ఈ పట్టికలో ముఖ్యమైనది నవలల లెక్కా కాదు, అవార్డూ కాదు. డిగ్రీ లేని ఒక స్త్రీ, ఇంటి లోపలినుంచి వచ్చిన స్త్రీ, వారం వారం వచ్చే ప్రశ్నలకు జవాబు చెప్పే అధికారం సంపాదించుకోవడం ముఖ్యం. తెలుగు పత్రికల్లో స్త్రీలకు ఉత్తరాల రూపంలో మాట్లాడే పద్ధతి అంతకుముందే ఉంది. 1928లో మొదలైన గృహలక్ష్మి పత్రికలో కనుపర్తి వరలక్ష్మమ్మ 'శారద లేఖలు' రాసింది. అవి ఒకవైపునుంచి పోయే ఉత్తరాలు. మాలతీ చందూర్ దగ్గర ఉత్తరం అటునుంచి కూడా వచ్చింది. పాఠకురాలు అడిగింది, ఆమె చెప్పింది. పిల్లల జబ్బుల నుంచి పరాయి దేశాల రాజకీయం దాకా ఆ పేజీలో చోటు చేసుకున్నాయి. కాలేజీ గడప తొక్కని స్త్రీలకు ఆ పేజీ ఒక కాలేజీ అయింది. ఆమె నవలల్లో పాఠకుణ్ణి ఆపకుండా తీసుకుపోయే సూటి వచనం కూడా ఈ పేజీలో రాటుదేలిందేనని మేం అనుకుంటున్నాం. ప్రశ్న అడిగిన మనిషి ఎదురుగా కూర్చున్నట్టు రాయడం ఆమెకు అలవాటైంది. ఇది చిన్న పని కాదు. ముందు ఇది ఒప్పుకొని, తర్వాత మన ప్రశ్న వేద్దాం.

మన ప్రశ్న ఆ శీర్షిక పేరు దగ్గరే మొదలవుతది. ప్రమదావనం అంటే రాజుల అంతఃపుర స్త్రీలు విహరించే తోట. రావణుడి అశోకవనానికి కూడా రామాయణంలో ఈ పేరుంది. ఆ తోటకు గోడ ఉంటది, కావలి ఉంటది. రాణులు తిరగాలంటే ఎవరో ఒకరు తెల్లారకముందే ఊడ్చి, నీళ్లు పోసి, రాలిన ఆకులు ఎత్తి పోవాలె. పురాణంలో ఆ ఊడ్చిన మనిషికి పేరు లేదు. ఈ పేరు పెట్టినవాళ్లు ఇంత ఆలోచించి పెట్టి ఉండరు. కానీ ఆలోచించకుండా పెట్టిన పేర్లలోనే సమాజం మనసు బయటపడతది.

రెండో సంగతి ఉత్తరం. ప్రశ్న పంపాలంటే రాయడం రావాలె, పత్రిక చేతికి రావాలె, తపాలా ఖర్చు ఉండాలె, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టే తీరిక ఉండాలె. 1961 జనాభా లెక్కల్లో దేశంలోని షెడ్యూల్డ్ కులాల స్త్రీలలో అక్షరాస్యత 3.29 శాతం. 1991కి వచ్చినా 23.76 శాతం. ప్రమదావనం నడిచిన కాలమంతా దాదాపు ఈ రెండు అంకెల మధ్యనే ఉంది. మన తల్లులకు ప్రశ్నలు లేక వాళ్లు ఉత్తరాలు రాయలేదనుకోవద్దు. గర్భసంచి జారిపోతే ఏం చెయ్యాలె? ఆసామి కూలి ఎగ్గొడితే ఎవరికి చెప్పుకోవాలె? తాగొచ్చి కొట్టే మొగుణ్ణి విడిస్తే పిల్లలు ఎవరికి? ఈ ప్రశ్నలు వాడల్లో నిత్యం నలిగినయ్. వాటికి తపాలా పెట్టె దారి తెల్వదు. కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగినయ్. అప్పుడూ ప్రమదావనం వారం వారం వస్తూనే ఉంది. విధవలైన మాల మాదిగ స్త్రీల ప్రశ్నలు స్త్రీల పేజీకి చెందుతాయా, రాజకీయ పేజీకి చెందుతాయా? పత్రికలు చేసిన ఈ విభజనలోనే 'స్త్రీ' అంటే ఎవరో తేలిపోయింది.

మూడో సంగతి వంటగది. వంట పుస్తకం ఏదైనా ఇంట్లో సరుకు ఉందనుకొని మొదలవుతది. 'ముందుగా ఇంత పిండి తీసుకొని' అని మొదలుపెట్టిన వాక్యం వెనక ఒక డబ్బా ఉంది, ఆ డబ్బాలో పిండి ఉంది. మా ఇండ్లల్లో వంట సరుకుతో మొదలు కాలేదు, కూలితో మొదలైంది. ఆ రోజు నూకలు వస్తే నూకల బువ్వ, జొన్నలు వస్తే గటక, ఏమీ రాకపోతే అంబలి. సియ్యకూర దొరికిన నాడు కొంత వండుకొని, మిగిలింది తునకలు చేసి తీగల మీద ఎండబెట్టేది. వాన ముసురు పట్టి పని దొరకని రోజుల్లో ఆ తునకలే కూర. ఎంత ఉప్పు పట్టించాలె, ఎంత ఎండలో ఎన్ని రోజులు ఉంచాలె, పురుగు పట్టకుండా ఎట్లా దాచాలె, ఇవన్నీ కొలతలే. ఇది కూడా పాకశాస్త్రమే. దీన్ని ముప్పైసార్లు గాదు, ఒక్కసారి అచ్చెయ్యడానికి కూడా మన భాషలో పుస్తకం పుట్టలేదంటే ఆశ్చర్యపోయే పనిలేదు. మరాఠీలో షాహూ పాటోళే మరాఠ్వాడా దళితుల తిండి మీద పుస్తకం తెచ్చింది కూడా 2015లోనే.

ఇదంతా గడిచిన కాలపు ముచ్చట అనుకునేవాళ్లు ఒకసారి మా నార్సింగికి రావాలె. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2008లో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగురోడ్డు తెరుచుకుంది. నానక్‌రాంగూడ వైపు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ లేచింది. గండిపేట నీళ్ల పక్కన పొలం పనులకు పోయిన స్త్రీల బిడ్డలు ఇప్పుడు అపార్టుమెంట్లలో గిన్నెలు తోమడానికి పోతున్నరు. పొలం పోయింది, పని మారింది, కులం మాత్రం లిఫ్టు దాకా వచ్చింది. పనివాళ్లకు ఒక లిఫ్టు, ఇంటివాళ్లకు ఒక లిఫ్టు. గేటు దగ్గర పనిమనిషి అడుగుపెట్టగానే ఇంటావిడ ఫోన్‌లో యాప్ మోగుతది. అదే యాప్‌లో ఆమెకు చుక్కలేసి మార్కులు ఇస్తారు. ఆమె ఇంటివాళ్లకు మార్కులు ఇచ్చే యాప్ ఇంకా రాలేదు. మా తల్లులు ఆ ఇండ్లల్లో వంట చేస్తరు, తాగే గ్లాసు మాత్రం వేరే ఉంటది. పిజ్జాకు పిండి పిసికే మనిషికి కూడా వంట 'వచ్చు' అంటారే గానీ, 'తెలుసు' అనరు. ఆ రెండు మాటల మధ్య తేడాలోనే మన వ్యాసమంతా ఉంది.

చట్టం కూడా ఈ తలుపు సగమే తీసింది. 2008 అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం ఇంటిపనివాళ్లను కార్మికులుగా గుర్తించింది. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ల కోసం 189వ ఒడంబడిక తెచ్చింది. భారతదేశం దాన్ని ఆమోదించలేదు. ఇల్లు పని స్థలం కాదనే భావన ఇంకా గట్టిగానే ఉంది. ఈ భావనకు మాలతీ చందూర్ ఒక్కతే బాధ్యురాలు కాదు. అయితే ఇంటిపనిని అచ్చులో గౌరవించిన ఆ పేజీ, ఆ గౌరవాన్ని గృహిణి దగ్గరే ఆపింది. ఇల్లాలు చేస్తే కళ, కూలికి వచ్చిన మనిషి చేస్తే చాకిరీ. ఈ గీత ఆమె గీసింది గాదు. ఆ శీర్షిక ఆ గీతకు ఇవతలే నిలబడింది.

గీత దాటిన స్త్రీ పాత్రికేయులు లోకంలో లేరా అంటే ఉన్నారు. ఫ్రాన్సులో సెవెరీన్ అనే కలం పేరుతో రాసిన కరోలిన్ రెమీ (1855–1929) 1885లో జూల్ వాలెస్ చనిపోయాక 'క్రి ద్యూ ప్యూప్ల్' అనే దినపత్రిక బాధ్యత మోసింది. 1890లో సెంతెతియెన్ దగ్గర గని ప్రమాదం జరిగితే గనిలోకి దిగి చూసి రాసింది. 1892లో పారిస్ చక్కెర ఫ్యాక్టరీలో స్త్రీలు సమ్మె చేస్తే, కూలి బట్టలు కట్టుకొని లోపలికి పోయి వాళ్ల పని చూసి రాసింది. 1897లో మార్గరీత్ ద్యూరాఁ స్థాపించిన 'లా ఫ్రోంద్' దినపత్రికలో అచ్చు కూర్చేవాళ్లు కూడా స్త్రీలే. సెవెరీన్ అందులోనూ రాసింది. 1921లో 'లీన్' అనే ఆత్మకథాత్మక నవల తెచ్చింది. మాలతీ చందూర్ బల్ల దగ్గరికి ఉత్తరం వచ్చింది. సెవెరీన్ తానే ఫ్యాక్టరీ దగ్గరికి పోయింది. తేడా పెద్దదే. కానీ అక్కడ కూడా కలం సెవెరీన్‌ది, చక్కెర పగలగొట్టిన చెయ్యి ఇంకొకరిది.

కలం, చెయ్యి ఒక్క మనిషివే అయినప్పుడు ఏం జరుగుతదో మన దగ్గరే చూశాం. జయప్రభ పైటను తగలెయ్యాలని రాసింది. 1993లో 'నీలిమేఘాలు' సంకలనం వచ్చేనాటికి స్త్రీవాద కవిత్వం తెలుగులో నిలదొక్కుకుంది. ఆ పైట చర్చకు జూపాక సుభద్ర తన 'కొంగు' కవితతో ఇంకో కోణం తెచ్చింది. పనిచేసే స్త్రీకి కొంగు సిగ్గు గుర్తు గాదు, చెమట తుడిచే పనిముట్టు. అంతే, చర్చ తల్లకిందులైంది. పాత రంగారెడ్డి జిల్లా పెద్దేముల్‌లో పుట్టిన గోగు శ్యామల 2003లో 'నల్లపొద్దు' తెచ్చి, 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసినవాటిని ఒక్కచోట చేర్చింది. 2004లో జాజుల గౌరి 'మన్నుబువ్వ' వచ్చింది. 'పిండివంటలు', 'మన్నుబువ్వ'. ఈ రెండు పుస్తకాల పేర్లు పక్కపక్కన పెడితే తెలుగు దేశపు రెండు వంటగదులు కనిపిస్తయ్.

అట్లాగని మొదటి పుస్తకాన్ని అవతల పారేయమనడం లేదు. మాలో కొంచెం పెద్దవాళ్లకు ఆంధ్రప్రభ తపాలాలో రాలేదు, కిరాణా కొట్టు పొట్లంగా వచ్చింది. పొట్లం విప్పి, కాగితం సాపు చేసి చదివితే ఒక్కోసారి జవాబు ఉండేది, ప్రశ్న చిరిగిపోయి ఉండేది. ఎవరు అడిగారో, ఏం అడిగారో తెలియకుండానే జవాబు చదివాం. చదువంటే మాకు చాలాకాలం అట్లాగే వచ్చింది. మావి కాని ప్రశ్నలకు ఎవరో చెప్పిన జవాబులు. యూనివర్సిటీలోనూ ఇదే నడిచింది. స్త్రీల శీర్షికల మీద పరిశోధన చేస్తామంటే, వంటల పేజీలో సాహిత్యం ఏముందని అడిగినవాళ్లు ఉన్నారు. ఆ నోటితోనే వాళ్లు దళిత సాహిత్యంలో శిల్పం ఏదని కూడా అడుగుతరు. ఇంటిపనిని చిన్నచూపు చూసే కన్నూ, వాడపనిని చిన్నచూపు చూసే కన్నూ ఒక్కటేనని గుర్తుపట్టడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

కాబట్టి మాలతీ చందూర్ దగ్గరినుంచి మనం తీసుకోవలసింది ఆమె రూపం. ప్రశ్న, జవాబు. మామూలు బతుకులోంచి వచ్చిన అడుగుడు, దానికి సూటిగా, గౌరవంగా, విసుక్కోకుండా ఇచ్చే జవాబు. వారం తప్పకుండా, ఏండ్లకేండ్లు. వదిలెయ్యవలసింది ఆ తోట గోడ. మన పత్రికలు సిద్ధాంత చర్చలకు పేజీలు ఇచ్చినయ్, కవిత్వానికి ఇచ్చినయ్, ఊచకోతల నివేదికలకు ఇచ్చినయ్. ఇవన్నీ ఇవ్వవలసినవే. మన తల్లులు అడిగే రోజువారీ ప్రశ్నకు మాత్రం పేజీ ఇవ్వలేదు. ఆ పేజీ మొదలుపెట్టాలని మా ప్రతిపాదన. అడిగేది నోటితోనే అడగనిద్దాం, రాసేది మనం రాద్దాం. జవాబు కూడా ఎప్పుడూ మనదే కానక్కర్లేదు. నాలుగు ఇండ్లల్లో పనిచేసి కూలి తగ్గించకుండా మాట్లాడుకున్న స్త్రీ, ఐదో ఇంటికి కొత్తగా పోయే పిల్లకు మనకంటే మంచి జవాబు చెప్తది.

నార్సింగి వాడలో ఒక పెద్దమ్మకు ఈ ప్రతిపాదన చెప్పి, నువ్వైతే ఏం అడుగుతవ్ పెద్దమ్మా అంటే, ఆమె ఆలోచించకుండానే అన్నది: "పండుగనాడు సుత పనికి పిలుస్తరు. రానంటే పైసలు కోస్తరు. నాకు పండుగ లేదా బిడ్డా?"

మొదటి ప్రశ్న ఇదే వేద్దాం.