అంతర్జాల పునర్నిర్మాణము – గృహస్థుని కర్తవ్యము

అంతర్జాలమును మరల నిర్మింపవలయునను మాట నేడు పలువురి నోట వినవచ్చుచున్నది. అది భద్రముగా నుండవలయును. గృహస్థుల రహస్యములను కాపాడవలయును. ఒకరిద్దరి గుప్పిటిలో చిక్కక పెక్కుచోట్ల వ్యాపించియుండవలయును. ఈ కోరికలు యుక్తమైనవే. కాని మూడింటిని ఒకే గాట గట్టి, నిర్మాణము మాఱినచో అన్నియు సిద్ధించునని చెప్పుట పొరపాటని మా యభిప్రాయము.

భద్రత విషయమున సంస్కర్తలు చాలవఱకు జయించిరి. 1982లో ఈమెయిలును చేరవేయుటకై ఎస్.ఎమ్.టి.పి. నిబంధనలు వెలువడినపుడు ఉత్తరము పోస్టుకార్డువలె తెఱచియే పోవుచుండెను. పంపినవాని పేరు నిజమో కాదో తేల్చు నేర్పాటును లేదు. 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయలుపఱచిన పత్రములచే అమెరికా ప్రభుత్వపు నిఘా యెంత విస్తృతమో లోకమునకు తెలిసెను. 2015లో లాభాపేక్షలేని లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారు వెబ్‌సైట్లకు తాళమువంటి సర్టిఫికెట్లను ఉచితముగా నీయ నారంభించిరి. 2016లో వాట్సాప్ తన సందేశములన్నిటికిని ఎన్‌క్రిప్షను కల్పించెను. ఈ పనులు ఫలించుటకు కారణ మేమి? వానిని ఇంజనీర్లే చేసిరి. గృహస్థుడు వ్రేలు కదల్పవలసిన పని లేకపోయెను.

వికేంద్రీకరణ మట్టిది కాదు. ఇందులకు ఈమెయిలే నిదర్శనము. నిబంధనలనుబట్టి ఎవరైనను తమ సర్వరును తామే నడుపుకొనవచ్చును. ఆ స్వేచ్ఛ నేటికిని ఉన్నది. అయినను మనలో పెక్కుమంది రెండుమూడు సంస్థల వాకిటనే చేరితిమి. మనల నెవరును బలవంతపెట్టలేదు. పనికిమాలిన ఉత్తరముల వెల్లువ నాపుట, సర్వరును రాత్రింబవళ్లు కనిపెట్టియుండుట కష్టము. ఉచితముగా వచ్చు సౌకర్యము సుఖము. విధానము వికేంద్రమే, వాడుక కేంద్రీకృత మయ్యెను.

దీనివలని కీడు మేము కన్నులార చూచితిమి. మా సహోపాధ్యాయు లొకరు పదునాలుగేండ్ల ఉత్తరములను, గతించిన తల్లిగారి ఛాయాచిత్రములను ఒక సంస్థవారి ఉచిత ఖాతాలో దాచుకొనిరి. ఒకనాడు ఫోను పోయినది, పాస్‌వర్డు మఱచిరి, తలుపు మూసికొన్నది. మొరపెట్టుకొనుటకు మనుష్యుడు కానరాలేదు. ప్రతి విన్నపమునకును యంత్ర మొకే ప్రత్యుత్తర మిచ్చెను. ఇందు దొంగ లేడు, నిఘా లేదు. తాళము మిక్కిలి గట్టిదే. తాళపుచెవి మాత్రము వారిది కాదు.

ఈ దోషమును మాన్పుటకే, 1989లో సెర్న్ పరిశోధనాలయమున వెబ్‌ను ప్రతిపాదించిన టిమ్ బర్నర్స్-లీ గారు సాలిడ్ అను క్రొత్త పద్ధతిని చేపట్టిరి. ఒక్కొక్కని సమాచారము పాడ్ అను వాని సొంత పెట్టెలో నుండును. ఏ అప్లికేషనుకు ఏది చూపవలయునో వాడే నిర్ణయించును. ఇష్టము లేనిచో పెట్టెను వేఱొకచోటికి తరలించుకొనును. ఈ యాశయమును మేము హృదయపూర్వకముగా మెచ్చుచున్నాము. అయినను రెండు ప్రశ్నలు మిగులుచున్నవి. ఒకసారి చూపిన సమాచారమునకు నకలు తీసికొనకుండ ఏ పెట్టెయు ఆపజాలదు. అందులకు చట్టమే శరణ్యము. ఐరోపా సమాఖ్యలో 2018నుండి అమలులోనున్న చట్టము తన సమాచారమును తీసికొనిపోవు హక్కును పౌరున కిచ్చినది. మన సర్వోన్నత న్యాయస్థానమున తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017లో గోప్యత ప్రాథమికహక్కని తీర్పు చెప్పిరి. కాని 2023లో చేసిన మన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమున తరలించుకొను హక్కు లేదు. సంస్కర్తలు దీనిని అడుగవలదా?

రెండవ ప్రశ్న మఱియు కఠినము. ఆ పెట్టె నెవరు కాపాడుదురు? గృహస్థునికి చేతగాదు, తాళపుచెవిని తానే పోగొట్టుకొన్నచో తెఱచువా డెవ్వడును ఉండడు. మరల పెద్దసంస్థకే అప్పగించినచో, పేరు మాఱినది గాని స్థితి మాఱలేదు.

మన దేశచరిత్రలోనే దీనికొక దారి కలదు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికచే ఆంధ్రదేశపు గ్రంథాలయములవారు బెజవాడలో కూడి సంఘముగా నేర్పడిరి. ప్రతి యింటను పుస్తకభాండారము సాధ్యము కాదు. రాజధానిలో నొక్కటే యుండిన పల్లెవానికి చాలదు. ఊరూర చందా వేసికొని, ఊరివానినే కాపుగా నుంచుకొనిరి. సమాచారపుపెట్టెలకును అట్టి కాపరులు కావలయును: పాఠశాలయో, గ్రంథాలయమో, సహకారసంఘమో, కొంచెము రుసుము పుచ్చుకొని నడుపునదియు, తలుపు మూసికొన్ననాడు మనిషి ముఖము చూపునదియు.

అది వచ్చులోపల చేయదగిన పని యొకటున్నది. తమ ఉత్తరములును చిత్రములును ఎవరియొద్ద నున్నవో ప్రతి కుటుంబమును తెలిసికొని, ఏడాది కొకసారియైనను వాని నకలును ఇంట నుంచుకొనవలయును. ఉచితమునకు మరగిన వాడుక మానక క్రొత్త యిల్లు కట్టినచో, అందును అద్దెవారముగానే ఉందుము.