పెట్టె విప్పే చేతులు

బందరు నుంచి గుడివాడ మీదుగా బెజవాడ వెళ్లే ప్యాసింజరు బండిని అసలులో 87వ వంతు సైజులో చూసుకోవాలంటే, బజారులో దొరికే విదేశీ బొమ్మ పెట్టెతో సరిపోదు. దాన్ని విప్పి, మన పెట్టెగా మార్చాలి. ఆ ఓపిక ఉన్నవాళ్లంటే నాకెంతో గౌరవం.

విప్పడంలోనే సగం విద్య ఉంది. చాలా పెట్టెల పైకప్పు లోపలి కొక్కేల మీదే నిలుస్తుంది. స్క్రూడ్రైవరు పెట్టి లేపితే అంచు గాటు పడుతుంది. సెల్‌ఫోన్ రిపేరువాళ్లు వాడే పల్చటి ప్లాస్టిక్ ముక్కను దూర్చి, ఒక్కో కొక్కేన్నీ నెమ్మదిగా వదిలించాలి.

అసలు పనితనం కిటికీల దగ్గర కనిపిస్తుంది. విదేశీ పెట్టెకు ఉండేది అద్దమే. మన రెండో తరగతికి అడ్డ ఊచలు ఉండి తీరాలి. కరెంటు వైరు లోపలి సన్న రాగి పోగును రెండు కొసలా పట్టి లాగితే తిన్నగా అవుతుంది. దాన్ని ముక్కలు కోసి, పట్టకారుతో ఒక్కొక్కటే అతికిస్తారు. సూపర్ గ్లూ ఆవిరికి అద్దాలు తెల్లబారతాయి, అందుకే వాటిని ముందే తీసేస్తారు. పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ (ఐసీఎఫ్) రకం పెట్టె పొడవు సుమారు 21.3 మీటర్లు, బొమ్మలో 24.5 సెంటీమీటర్లు. చేతికి దొరికింది పొట్టిదైతే రెండింటిని కోసి ఒకటిగా కలుపుతారు!

పెరంబూరు ఫ్యాక్టరీ ఈ ఐసీఎఫ్ రకం పెట్టెల తయారీని 2018లో ఆపేసింది. ఇక వాటిని బొమ్మలుగానైనా నిలుపుకోవాలంటే మన చేతులే దిక్కు. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవారు, చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేసేవారు ఉన్న ప్రాంతం మనది; సన్నపని మనకు కొత్త కాదు. పిల్లలు ఆడి వదిలేసిన రైలు పెట్టె ఇంట్లో ఉంటే పారేయకండి. పైకప్పు విప్పడంతో మొదలుపెట్టండి.